త్రీడీ మైక్రోస్కోపీ కొలతలకు ఇమారిస్ కొనాలా, ఉచితంగా దొరికే ఫీజీ–నపారి సరిపోతాయా?

జీబ్రాచేప
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. 24 గంటల వయసున్న జీబ్రా చేప పిండాలను ఫిక్స్ చేసి, కేంద్రకాలకు డాపీ రంగు వేసి, కన్ఫోకల్ మైక్రోస్కోప్ మీద తోక భాగాన్ని జెడ్-స్టాక్‌గా, అంటే పైనుంచి లోతుకు స్లైసులు స్లైసులుగా తీస్తున్నాం. 40ఎక్స్ ఆయిల్ లెన్స్, పిక్సెల్ 0.2 మైక్రాన్లు, స్లైస్‌కీ స్లైస్‌కీ మధ్య 1 మైక్రాన్, వంద స్లైసులు, రెండు ఛానెళ్లు. రెండో ఛానెల్‌లో మేం వెతుకుతున్న ప్రోటీన్ ఉంటుంది.

నాకు కావలసినవి మూడు. తోకలో మొత్తం ఎన్ని కేంద్రకాలున్నాయి, ఒక్కోదాని ఘనపరిమాణం ఎంత, వాటిలో ఎన్నింటిలో ఆ ప్రోటీన్ కనిపిస్తోంది.

బొమ్మల విశ్లేషణకు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫీజీలో త్రీడీ ఆబ్జెక్ట్స్ కౌంటర్ వాడి చూశాను. రెండు విషయాలు అర్థం కావడం లేదు. త్రీడీ వ్యూయర్‌లో బొమ్మను పక్కకు తిప్పితే కేంద్రకాలన్నీ అప్పడాల్లా పలచగా కనిపిస్తున్నాయి. ఘనపరిమాణం ఒక్కోదానికి నాలుగు వేలు, నాలుగున్నర వేలు అని వస్తోంది. గ్రాంట్ ప్రపోజల్‌లో ఇమారిస్ అనే, కొనుక్కోవలసిన సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టాలా వద్దా అని మా గైడ్ అడుగుతున్నారు. ఈ నెలాఖరుకు చెప్పాలి, కాస్త టెన్షన్‌గా ఉంది. వాడినవాళ్లు చెప్పగలరా?

కన్ఫోకల్‌కాపలా
నేను ఒక ఇమేజింగ్ ఫెసిలిటీ చూసుకుంటాను. మీరు చెప్పిన రెండు లక్షణాలకూ కారణం ఒకటే అని నా అనుమానం. ఫైల్‌ను మైక్రోస్కోప్ దగ్గర టిఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకున్నారా? అలా చేస్తే చాలాసార్లు స్కేల్ పోతుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ పొడవు, వెడల్పు, లోతు మూడింటికీ 1 అనే అనుకుంటుంది.

లెక్క వేసి చూడండి. 7 మైక్రాన్ల వ్యాసం ఉన్న గుండ్రటి కేంద్రకం అడ్డంగా 35 పిక్సెళ్లు, లోతులో 7 స్లైసులు ఆక్రమిస్తుంది. స్కేల్ లేకపోతే 35×35×7 గానే గీస్తుంది, పలచగా కనిపించక ఏమవుతుంది! దాని అసలు ఘనపరిమాణం దాదాపు 180 ఘన మైక్రాన్లు. మీ వోక్సెల్ (త్రీడీ పిక్సెల్) ఒక్కోటి 0.2×0.2×1, అంటే 0.04 ఘన మైక్రాన్. 180ని 0.04తో భాగిస్తే 4500. మీకు వస్తున్నది ఆ అంకే. అది ఘనపరిమాణం కాదు, వోక్సెళ్ల లెక్క.

ఫీజీలో ఇమేజ్ మెనూ కింద ప్రాపర్టీస్ తెరవండి. వోక్సెల్ డెప్త్ 1, పిక్సెల్ వెడల్పు 1, యూనిట్ పిక్సెల్ అని ఉంటే నా అనుమానం నిజమే. టిఫ్ పక్కన పెట్టి, మైక్రోస్కోప్ ఇచ్చిన అసలు ఫైల్‌ను ఫీజీలోని బయో-ఫార్మాట్స్ ప్లగిన్‌తో తెరవండి. జైస్ సీజెడ్ఐ, లైకా ఎల్ఐఎఫ్, నికాన్ ఎన్‌డీ2 లాంటివన్నీ అది చదువుతుంది, స్కేల్‌ను కూడా తెస్తుంది.

సాఫ్ట్‌వేర్ కొనడం గురించి ఆ తర్వాత మాట్లాడదాం. స్కేల్ తప్పుంటే ఇమారిస్ అయినా ఇదే తప్పు జవాబును ఇంకా అందంగా చూపిస్తుంది.

జీబ్రాచేప
ధన్యవాదాలు సార్. ప్రాపర్టీస్‌లో మీరన్నట్టే అన్నీ 1 అని ఉన్నాయి. ల్యాబ్‌లో ముందునుంచీ టిఫ్‌లే పంచుకుంటున్నారు. అసలు సీజెడ్ఐ ఫైళ్లు మైక్రోస్కోప్ కంప్యూటర్‌లో ఉన్నాయి, రేపు తెచ్చుకుంటాను.

వోక్సెల్
స్కేల్ సరిచేశాక ఇంకో విషయం ఎదురవుతుంది, ముందే చెబుతున్నాను. ఇప్పుడు పలచగా కనిపిస్తున్న కేంద్రకాలు అప్పుడు నిలువుగా కాస్త సాగినట్టు కనిపిస్తాయి. అది సాఫ్ట్‌వేర్ పని కాదు, కాంతి స్వభావం. ఏ లెన్స్ అయినా లోతు దిశలో అడ్డంగా కన్నా ఎక్కువ మసకగానే చూస్తుంది. మంచి కన్ఫోకల్‌లో అడ్డంగా 0.2 మైక్రాన్ల దూరంలో ఉన్న రెండు చుక్కల్ని విడిగా చూడగలిగితే, లోతులో అదే పనికి 0.5 నుంచి 0.7 దాకా దూరం కావాలి.

దీనికి తోడు మీది ఆయిల్ లెన్స్. నూనె వక్రీభవన గుణకం 1.515, నీటిది 1.33. పిండం నీళ్లలాంటి బఫర్‌లో ఉంటే, స్టేజ్ 1 మైక్రాన్ కదిలినప్పుడు ఫోకస్ నిజంగా 1 మైక్రాన్ కదలదు. 1.33ని 1.515తో భాగిస్తే 0.88 వస్తుంది. మీ లెన్స్‌లా ఎక్కువ ఎన్ఏ (కాంతిని సేకరించే సామర్థ్యం) ఉన్నవాటిలో అంతకన్నా తక్కువే కదులుతుంది. ఫైల్‌లో మాత్రం 1 అనే రాసి ఉంటుంది. అంటే ఘనపరిమాణం పదమూడు శాతానికి పైగా ఎక్కువ చూపిస్తుంది. రెండు రకాల పిండాలను ఒకేలా తీసి పోలుస్తుంటే అంత ప్రమాదం లేదు. కానీ ‘కేంద్రకం ఇన్ని ఘన మైక్రాన్లు’ అని పేపర్లో అంకె వేస్తే మాత్రం దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

మీ నమూనా దేనిలో మౌంట్ చేస్తున్నారు?

జీబ్రాచేప
పీబీఎస్ అనే ఉప్పునీటి బఫర్‌లోనే, కొద్దిగా అగరోజ్ జెల్‌తో. గ్లిసరాల్‌లోకి మార్చడం సులువే కదా, ఫిక్స్ చేసినవే కాబట్టి?

వోక్సెల్
సులువే. గ్లిసరాల్ గుణకం 1.47, నూనెకు చాలా దగ్గర. పైగా కణజాలం కాస్త పారదర్శకం అవుతుంది, లోపలి కేంద్రకాలు ఇంకా బాగా కనిపిస్తాయి. గాఢత మెల్లగా పెంచుతూ వెళ్లండి, ఒక్కసారిగా ముంచితే పిండం కుంచించుకుపోతుంది. లేదా మీ దగ్గర వాటర్ లెన్స్ ఉంటే పీబీఎస్‌లోనే ఉంచి దానితో తీయండి.

1 మైక్రాన్ స్టెప్ కేంద్రకాలు లెక్కపెట్టడానికి చాలు. కేంద్రకం లోపలి చిన్న చుక్కలను కొలవాలనుకుంటే 0.3 దగ్గరికి తేవాలి.

పైథాన్‌పిచ్చి
నేను ఉచిత సాఫ్ట్‌వేర్ వైపు. ఈ పనికి ఇప్పుడు నేనైతే కణాలను విడదీసే సెల్‌పోజ్ ప్రోగ్రామ్ నడిపి ఫలితాన్ని పైథాన్ వ్యూయర్ అయిన నపారిలో చూస్తాను.

ఎందుకంటే త్రీడీ ఆబ్జెక్ట్స్ కౌంటర్ పనిచేసేది ఒకే థ్రెషోల్డ్ (వెలుగు హద్దు) మీద. ఆ గీతకు పైన ఉండి ఒకదానికొకటి ఆనుకున్న వోక్సెళ్లన్నీ దానికి ఒకే వస్తువు. చేప తోకలో కేంద్రకాలు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి కాబట్టి పదింటిని కలిపి ఒకటిగా లెక్కపెడుతుంది. వాటర్‌షెడ్ అనే పద్ధతితో విడదీయవచ్చు కానీ ప్రతి పిండానికీ సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోవాలి.

సెల్‌పోజ్‌ను అమెరికాలోని జనీలియా పరిశోధన కేంద్రంలో కార్సెన్ స్ట్రింగర్, మారియస్ పచిటారియు తదితరులు తయారుచేశారు. పద్ధతి తెలివైనది. ప్రతి పిక్సెల్ నుంచి దాని కణం మధ్యభాగం ఏ దిశలో ఉందో నెట్‌వర్క్ ఊహిస్తుంది. ఆ దిశల వెంట నడిచి ఒకే చోటికి చేరిన పిక్సెళ్లన్నీ ఒక కణం. త్రీడీకి అదే పనిని మూడు దిశల్లో కోసిన స్లైసుల మీద చేసి కలుపుతుంది. అక్కడ అనైసోట్రోపీ (జెడ్ స్టెప్ పిక్సెల్‌కు ఎన్ని రెట్లో) అని ఒక సెట్టింగ్ ఉంటుంది, మీకు 5 ఇవ్వాలి. 1ని 0.2తో భాగిస్తే వచ్చేది అదే. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేసి సెల్‌పోజ్ పనిచేయడం లేదంటారు.

స్టార్‌డిస్ట్ కూడా బావుంటుంది, గుండ్రటి కేంద్రకాలకు ప్రత్యేకం. కానీ దాని ఫీజీ ప్లగిన్ టూడీకే. త్రీడీ కావాలంటే పైథాన్‌లో నడపాలి, పైగా మీ డేటాతో మోడల్‌ను ట్రెయిన్ చేసుకోవాలి.

నపారిలో ఒక జాగ్రత్త. ఏదైనా ఒక దిశలో 2048 వోక్సెళ్లు దాటితే కొన్ని గ్రాఫిక్స్ కార్డుల్లో త్రీడీ మోడ్‌లో రిజల్యూషన్ తగ్గించి చూపిస్తుంది, కింద ఒక హెచ్చరిక వేస్తుంది. తగ్గేది చూపించే బొమ్మకే, డేటాకు ఏమీ కాదు.

గోదారిగట్టు
ఇమారిస్ తరఫున మాట్లాడేవాళ్లు కూడా ఉండాలి కాబట్టి నేను రాస్తున్నాను. మందుల పరిశోధనలో ఉన్నాను, రోజూ వాడతాను.

దాన్ని మొదట చేసింది స్విట్జర్లాండ్‌లోని బిట్‌ప్లేన్, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ ఇన్‌స్ట్రుమెంట్స్ చేతిలో ఉంది. దాని బలం దిద్దుబాటులో ఉంది. ఏ ఆటోమేటిక్ పద్ధతీ నూటికి నూరు కరెక్ట్‌గా చేయదు. ఇమారిస్‌లో తప్పుగా కలిసిన రెండు కేంద్రకాల మీద క్లిక్ చేసి అక్కడికక్కడే విడదీయవచ్చు. రెండో ఛానెల్ తీవ్రత ఇంతకన్నా ఎక్కువున్నవాటిని చూపించు అంటే, త్రీడీ బొమ్మలోనే అవి రంగు మారతాయి. పట్టికలో ఒక వరుస మీద నొక్కితే ఆ కేంద్రకం దగ్గరికి తీసుకెళ్తుంది. ప్రోగ్రామింగ్ రాని జీవశాస్త్రవేత్తకు ఇది చిన్న విషయం కాదు. మా దగ్గర కొత్తగా చేరినవాళ్లు వారం తిరక్కుండా సొంతంగా ఫలితాలు తీస్తున్నారు.

పెద్ద ఫైళ్లను కూడా బాగా మోస్తుంది. దాని ఐఎంఎస్ ఫార్మాట్ లోపల ఉండేది పెద్ద డేటాను దాచే హెచ్‌డీఎఫ్5. ఒకే బొమ్మను పెద్దది, చిన్నది, ఇంకా చిన్నది అని అంచెలుగా దాచి, తెర మీద ఎంత అవసరమో అంతే చదువుతుంది.

డబ్బు పెట్టే ముందు ఉచితంగా దొరికే ఇమారిస్ వ్యూయర్ దించుకుని మీ ఫైల్ తిప్పి చూడండి. కేంద్రకాలను విడదీసి లెక్కపెట్టదు గానీ అలవాటవుతుంది. ట్రయల్ కూడా అడగండి, మీ సొంత డేటా మీదే డెమో చూపించమనండి. వాళ్లు తెచ్చే డేటా ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది.

కన్ఫోకల్‌కాపలా
గోదారిగట్టు గారు దిద్దుబాటు గురించి చెప్పింది నిజం, ఆ విషయంలో ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంకా వెనకబడే ఉంది. న్యూరాన్ల కొమ్మలు గీయడంలో కూడా దాని ఫిలమెంట్ మాడ్యూల్ బావుంటుంది. ఫీజీలో దానికి ఎస్ఎన్‌టీ అనే ప్లగిన్ ఉన్నా ఓపిక కావాలి.

కానీ విశ్వవిద్యాలయ ల్యాబ్ పరిస్థితి వేరు. లైసెన్సు ఒక్క కంప్యూటర్ మీద ఉంటుంది, దాని ముందు క్యూ ఉంటుంది. గ్రాంట్ అయిపోయాక ఏటా మెయింటెనెన్స్ కట్టేది ఎవరు? నేను చూసిన ఒక చోట పాత వెర్షన్ మీదే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చారు, కొత్త మైక్రోస్కోప్ ఫైళ్లు దానిలో తెరుచుకునేవి కావు. పీహెచ్‌డీ పూర్తిచేసి వేరే ఊరు వెళ్లినవాళ్లకు రివ్యూయర్ ఒక్క గ్రాఫ్ మళ్లీ చేయమంటే లైసెన్సు చేతిలో ఉండదు. ఫీజీ స్క్రిప్ట్, సెల్‌పోజ్ మోడల్ అయితే పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకెళ్లవచ్చు.

జీబ్రాచేప గారూ, ప్రపోజల్‌లో రాయాలంటే నా సలహా ఇది: ముందు మంచి గ్రాఫిక్స్ కార్డు, 128 జీబీ ర్యామ్ ఉన్న వర్క్‌స్టేషన్‌కు డబ్బు అడగండి. అది ఏ సాఫ్ట్‌వేర్‌కైనా పనికొస్తుంది. ఇమారిస్ కావాలనుకుంటే మీ ఒక్క ల్యాబ్ కాకుండా నాలుగైదు ల్యాబ్‌లు కలిసి, ఉమ్మడి ఫెసిలిటీలో పెట్టించండి.

పైథాన్‌పిచ్చి
ర్యామ్ ఎందుకో లెక్క చెబుతాను. 2048×2048 పిక్సెళ్లు, 16 బిట్ అంటే ఒక స్లైస్ 8 ఎంబీ. వంద స్లైసులు, రెండు ఛానెళ్లు అంటే 1.6 జీబీ. ఇది ఫర్వాలేదు. కానీ బతికున్న పిండాన్ని 60 టైమ్ పాయింట్లు తీశారనుకోండి, 96 జీబీ అవుతుంది. ఫిల్టర్ వేసిన ప్రతిసారీ ఇంకో కాపీ. అందుకే టైమ్‌లాప్స్‌కు వెళ్లేవాళ్లు బిగ్‌డేటావ్యూయర్, ఒఎంఈ-జార్ లాంటివి నేర్చుకోక తప్పదు. బొమ్మను చిన్న చిన్న దిమ్మలుగా దాస్తాయి, కావలసిన దిమ్మను మాత్రమే తెరుస్తాయి.

ఈఎం_అట్లాంటా
ఇక్కడ మాది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ. లోతు, వెడల్పు ఒకేలా ఉండకపోవడం మా దగ్గర ఇంకా ఎక్కువ. ఈగ మెదడు మొత్తాన్ని తీసిన ప్రసిద్ధ డేటాలో పిక్సెల్ 4 నానోమీటర్లు, కోత మందం 40 నానోమీటర్లు, అంటే పదింతలు. దాని మీదే ఫ్లైవైర్ బృందం 2024లో 1,39,255 న్యూరాన్ల పటాన్ని ప్రచురించింది.

ఆ పనిలో సాఫ్ట్‌వేర్ ఎలా వాడారో మీకు పనికొస్తుందని రాస్తున్నాను. విడదీయడం మెషీన్ చేసింది. ఆ తర్వాత ఎన్నో దేశాలవాళ్లు బ్రౌజర్‌లోనే ఒక్కో న్యూరాన్‌నూ తిప్పి చూస్తూ, తెగినచోట కలుపుతూ, తప్పుగా కలిసినచోట కోస్తూ దిద్దారు. అంతకుముందు 1986లో సి. ఎలిగాన్స్ పురుగులోని 302 న్యూరాన్ల పటం వచ్చిందంటే అది మనుషులు ఫొటోల మీద చేత్తో గుర్తులు పెట్టుకుంటూ చేసినదే. మెషీన్ ఎంత ముందుకెళ్లినా మనిషి కన్ను వేసే ఆ చివరి తనిఖీ మాత్రం పోలేదు. మీ తోకలో ఉండేది కొన్ని వేల కేంద్రకాలే కదా. నమూనాకు కొన్నయినా కూర్చుని స్వయంగా చూడండి.

పల్నాటిపిల్ల
బీఎస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నాను. మా కాలేజీలో కన్ఫోకల్ లేదు. ఈ చర్చ చదువుతుంటే చేసి చూడాలని ఉంది. మామూలు ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. ఏమైనా కుదురుతుందా మేడమ్, సార్?

వోక్సెల్
బ్రహ్మాండంగా కుదురుతుందమ్మా. ఫీజీ దించుకో, ఉచితం. ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, ఫోల్డర్ విప్పితే చాలు. ఫైల్ మెనూలో ఓపెన్ శాంపిల్స్ అని ఉంటుంది. అందులో కన్ఫోకల్ సిరీస్, ఈగ మెదడు, గబ్బిలం చెవిలోని కాక్లియా బొమ్మ ఉన్నాయి. కాక్లియాతో మొదలుపెట్టు. ముందు స్లైసులు ఒక్కొక్కటే జరుపుతూ, ఇది త్రీడీలో ఎలా ఉంటుందో కాగితం మీద గీసుకో. ఆ తర్వాత త్రీడీ వ్యూయర్‌లో తెరిచి సరిచూసుకో. స్లైసులు చూసి ఆకారం ఊహించడం వస్తే ఈ రంగంలో సగం వచ్చినట్టే.

తర్వాత బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల బీబీబీసీ సేకరణ, యూరప్‌లోని బయోఇమేజ్ ఆర్కైవ్ చూడు. పేపర్లలో వాడిన అసలు డేటా ఎవరైనా దించుకోవచ్చు. బీబీబీసీలో జవాబులు కూడా ఉంటాయి. నీ లెక్క, వాళ్ల లెక్క పోల్చుకోవచ్చు.

పల్నాటిపిల్ల
చాలా థాంక్స్ అండి. ఈ రాత్రికే మొదలుపెడతా.

జీబ్రాచేప
అసలు సీజెడ్ఐ ఫైళ్లు తెచ్చుకుని తెరిచాను. స్కేల్ సరిగ్గా వచ్చింది, కేంద్రకాలు గుండ్రంగా, నిలువుగా కొంచెం సాగి కనిపిస్తున్నాయి. సెల్‌పోజ్ అనైసోట్రోపీ 5తో నడిపాను. ఘనపరిమాణాలు ఎక్కువ భాగం 150 నుంచి 220 ఘన మైక్రాన్ల మధ్య వచ్చాయి. గ్లిసరాల్ బ్యాచ్ ఇంకా తీయాలి.

ఇప్పుడు రెండు సందేహాలు. లోపలికి వెళ్లేకొద్దీ డాపీ మసకబారుతోంది, అరవయ్యో స్లైస్ తర్వాత చాలా కేంద్రకాలను సెల్‌పోజ్ వదిలేస్తోంది. రెండోది, ప్రోటీన్ ఉన్న కేంద్రకాలను లెక్కపెట్టడానికి మాగ్జిమమ్ ప్రొజెక్షన్ మీద చూస్తే సరిపోతుందా? మా సీనియర్లు అలాగే చేశారు.

కన్ఫోకల్‌కాపలా
రెండోదానికి ముందు జవాబు: వద్దు. మాగ్జిమమ్ ప్రొజెక్షన్ అంటే నిలువుగా వంద వోక్సెళ్లలో అన్నింటికన్నా వెలుగుగా ఉన్న ఒక్కదాన్ని తీసుకుని మిగతావన్నీ పారేయడం. పదో స్లైస్‌లో ఉన్న కేంద్రకం, ఎనభయ్యో స్లైస్‌లో ఉన్న ప్రోటీన్ ఆ బొమ్మలో ఒకదాని మీద ఒకటి పడి కలిసే ఉన్నట్టు కనిపిస్తాయి. పోస్టర్ మీద వేయడానికి అది మంచిదే, లెక్కకు పనికిరాదు. సెల్‌పోజ్ ఇచ్చిన ఒక్కో కేంద్రకం లోపల రెండో ఛానెల్ సగటు తీవ్రతను త్రీడీలోనే తీయండి. ఫీజీలో మార్ఫోలిబ్‌జె, పైథాన్‌లో సైకిట్-ఇమేజ్ ఈ పని చేస్తాయి.

మసకబారడం గురించి: తీసేటప్పుడే లోతుకు తగ్గట్టు లేజర్ శక్తి పెంచే సౌకర్యం చాలా కన్ఫోకల్స్‌లో ఉంటుంది, డాపీ ఛానెల్‌కు వాడండి. ప్రోటీన్ ఛానెల్‌కు మాత్రం ఆలోచించి వాడండి, ఎందుకంటే మీరు దాని తీవ్రతను పోల్చాలి. ఇప్పటికే తీసిన స్టాకులైతే స్లైసులవారీగా డాపీ వెలుగును సరిచేసి, దాన్ని సెల్‌పోజ్‌కు ఇవ్వండి. అలా సరిచేసిన కాపీ హద్దులు గీయడానికి మాత్రమే. తీవ్రత కొలతలన్నీ సరిచేయని అసలు డేటా మీదే తీయండి. ప్రోటీన్ సిగ్నల్ కూడా లోతుతో తగ్గుతుంది కదా, కాబట్టి కంట్రోల్ పిండాల్లో అదే లోతులో ఉన్న కేంద్రకాలతోనే పోల్చండి.

వోక్సెల్
దీనికి ఒకటి కలుపుతాను. లోపలివి దొరకడం లేదని తెలిసినప్పుడు, లెక్కను ఎంత లోతు వరకు నమ్మవచ్చో ముందే నిర్ణయించుకోండి. పై భాగం, మధ్య, లోతు నుంచి చిన్న దిమ్మలు కోసి, వాటిలో కేంద్రకాలను చేత్తో గుర్తుపెట్టండి. సెల్‌పోజ్ ఎన్ని పట్టుకుంది, ఎన్ని వదిలింది, ఎన్ని కలిపేసింది అని పోల్చండి. ఆ గుర్తుపెట్టేవాళ్లకు ఏ పిండం కంట్రోలో తెలియకూడదు. లోతు దిమ్మలో సరిగ్గా రాకపోతే అన్ని పిండాల్లోనూ అక్కడికి ఆపేయండి. ‘మొత్తం తోక’ అని చెప్పలేకపోయినా, చెప్పిన అంకె గట్టిగా నిలబడుతుంది.

జీబ్రాచేప
ఇది చాలా ఉపయోగపడింది. చివరిగా ఒక ప్రశ్న. మా గైడ్‌కు పేపర్ కోసం మంచి త్రీడీ బొమ్మ కావాలి. త్రీడీ వ్యూయర్‌లో వచ్చేది అంత బాగుండటం లేదు.

గోదారిగట్టు
ఇమారిస్ ఉన్నవాళ్లను ఒక పూట అడిగి చేయించుకోండి. లేదంటే బ్లెండర్ చూడండి. యానిమేషన్ వాళ్లు వాడే ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మైక్రోస్కోపీ నోడ్స్ అని యాడ్-ఆన్ ఉంది. టిఫ్, ఒఎంఈ-జార్ నేరుగా తెరుస్తుంది, వెలుగునీడలు అద్భుతంగా వస్తాయి.

ఒక మాట. నున్నటి ఉపరితలాలుగా చూపిస్తే, ఆ ఉపరితలం మీరు ఎంచుకున్న ఒక తీవ్రత దగ్గర గీసిన గీత మాత్రమే. గీత కాస్త జరిపితే తాకని కేంద్రకాలు తాకుతాయి. అందుకే బొమ్మ పక్కనే ఒక స్లైస్‌ను యథాతథంగా కూడా వేయండి. ఎరుపు-ఆకుపచ్చ జంట వాడొద్దు, ఆ రెండూ తేడా తెలియనివారు చాలామంది ఉన్నారు. మెజెంటా-ఆకుపచ్చ వాడండి.

కన్ఫోకల్‌కాపలా
పేపర్లో పద్ధతులు రాసేటప్పుడు ఇవి మర్చిపోకండి: లెన్స్, దాని ఎన్ఏ, ఇమ్మర్షన్, మౌంట్ చేసిన ద్రవం, పిక్సెల్ కొలత, జెడ్ స్టెప్, ఫీజీ, సెల్‌పోజ్ వెర్షన్లు, ఏ మోడల్, ఏ సెట్టింగులు, ఏ లోతు దగ్గర ఆపారు. స్క్రిప్ట్, ఒకటి రెండు అసలు స్టాకులు ఎక్కడైనా అందరికీ దొరికేలా పెట్టండి. గ్లిసరాల్ బ్యాచ్ తీశాక అంకెలు ఎంత మారాయో ఇక్కడ రాయండి, నాకూ చూడాలని ఉంది.

జీబ్రాచేప
తప్పకుండా సార్. ప్రపోజల్‌లో వర్క్‌స్టేషన్ అడుగుతున్నాం. ఇమారిస్ కోసం పక్క ల్యాబ్‌లతో మాట్లాడతానని మా గైడ్ అన్నారు. గ్లిసరాల్ పిండాలు వచ్చే సోమవారం మైక్రోస్కోప్ మీదికి వెళ్తున్నాయి.